చెయ్యి మారిన చీటీలు

నమోదు 1. సోమవారం, పొద్దుటి షిఫ్టు

ఈ రోజు నుంచి గాలి ముఠా, అంటే సొరంగాల ఫ్యాన్లు బాగుచేసేవాళ్ల వెంట ఉంటాను. కొలతల శాఖలో నా ఉద్యోగం మనుషుల పనిని కొలవడం. ఎవరి పని చీటీ ఎప్పుడు చేతిలోకి వచ్చింది, ఎన్నాళ్లు అక్కడే ఉండిపోయింది, ఎప్పుడు పూర్తయింది, ఇవే నా లోకం. వెనక నన్ను అనుమానపు పక్షి అంటారు. ముందు కూడా అంటారు. ఆ మాటకు బాధపడటం మానేసి చాలా కాలమైంది.

పొద్దున్నే మా శాఖ పెద్ద ఆనందరావు సారు పిలిచారు. గాలి ముఠా ఒక చీటీ పూర్తి చేయడానికి సగటున మూడున్నర రోజులే తీసుకుంటోందట. నీళ్ల ముఠా, దీపాల ముఠా తొమ్మిది పది రోజుల దగ్గర ఈడ్చుకొస్తున్నాయి. వీళ్ల పద్ధతేమిటో చూసి రాసుకొస్తే మిగతావాళ్లకూ నేర్పిద్దాం అన్నారు. అంటే నన్ను మెచ్చుకోవడానికి పంపుతున్నారు. నాకు ఆ విద్య రాదని ఆయనకు తెలుసు.

అసలు సంగతి ఎనిమిదో సొరంగం. పైన ఎండ మనుషులను నిలవనివ్వక మేం ఈ పాత బొగ్గుబాయిలోకి దిగి నాలుగు తరాలైంది. ఇక్కడ ప్రతి సొరంగానికీ రెండు ఫ్యాన్లు. పెద్దది తిరుగుతుంది, రెండోది స్పేర్, అది ఆగితే వేయడానికి. ఏది చెడినా అయిదు రోజుల్లోపు బాగవుతుందని ముఠా అంకెలు చెప్పాలి, వాటి కింద నేను సంతకం పెట్టాలి. అప్పుడే కొత్త సొరంగంలోకి కుటుంబాలను దించుతారు. ఎనిమిదిని వచ్చే సోమవారం తెరవాలని పట్టణ సభ నిర్ణయించింది.

అందులో మా చెల్లెలు శ్రీలతకు ఒక గది వచ్చింది. దాని బిడ్డకు ఇంకా మూడో నెల నిండలేదు. ఇప్పుడుంటున్న అయిదో సొరంగంలో ఉక్క భరించలేక పిల్ల ఒంటినిండా చెమటకాయలు. ఎనిమిది చల్లగా ఉంటుంది. ఈ విషయం సారుకు తెలుసు. తెలిసే నన్ను పంపారని నాకు అనుమానం.

నమోదు 2. మంగళవారం

గాలి ముఠా మేస్త్రి ఓదెలు. అరవై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నన్ను చూడగానే జొన్న గటక, పుట్టగొడుగుల కూర పెట్టించాడు. కొలవడానికి వచ్చినవాళ్లకు తిండి పెట్టేవాళ్లంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. తిన్నాను, రుచిగానే ఉంది, అనుమానం మాత్రం పోలేదు.

మొదట అనుకున్నది ఇది: చిన్న చిన్న పనులు ఏరుకుని సగటు దించుతున్నారు. బెల్టు బిగించడం, రెక్కలు తుడవడం లాంటివి పది చేస్తే ఒక పెద్ద పని ఆలస్యం కనిపించకుండా పోతుంది. బజారులో ముఠాలన్నీ చీటీలు పెట్టే గోడంత పలక ముందు నిలబడి వాళ్ల చీటీలన్నీ పెద్దవీ చిన్నవీ వేరు చేశాను. పెద్ద పనులు మిగతా ముఠాలకు ఎన్ని ఉన్నాయో వీళ్లకూ అన్నే ఉన్నాయి. అవి కూడా త్వరగానే అయిపోతున్నాయి.

నమోదు 3. బుధవారం

రెండో అనుమానం. పని ముందు మొదలుపెట్టి, సగం అయ్యాక చీటీని పలక మీది 'చేతిలో' గడిలోకి జరుపుతున్నారేమో. దీపాల ముఠా ఒకప్పుడు ఆ ఆట ఆడింది, పట్టుకున్నది నేనే. అందుకని పొద్దున్నుంచీ ఫ్యాన్ హౌస్‌లో కూర్చున్నాను.

చీటీ జరిగాకే పానా ముట్టారు. ఒక ముఠా ఒకేసారి నాలుగు చీటీలకు మించి చేతిలోకి తీసుకోకూడదన్నది పట్టణం నియమం. దాన్నీ తప్పలేదు. సరోజన అనే ఆమె ఖాళీగా ఉండి కూడా అయిదో చీటీ అందుకోకుండా కూర్చుంది. తోచడం లేదా అని అడిగితే, నాలుగు నిండినప్పుడు అయిదోది ముట్టరాదు కదా మేడం అంది. ఇంత బుద్ధిమంతులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని అయ్యాక సరిచూసే పరీక్ష గడిని ఎగ్గొడుతున్నారేమో అని అదీ చూశాను. ఎగ్గొట్టడం లేదు.

నమోదు 4. గురువారం

ఈ రోజు దొరికింది. దొరికింది తప్పు కాదు, తప్పు ఉండాల్సిన చోటు.

నిజమైన పనికి తోక ఉంటుంది. పది పనుల్లో ఎనిమిది చకచకా అవుతాయి, ఒకటి సాగుతుంది, ఇంకొకటి అస్సలు కదలదు. సామాను దొరకదు, లేదంటే తుప్పు పట్టిన బోల్టు రాదు, అదీ కాకపోతే మనిషికి జ్వరం వస్తుంది. ఎంత మంచి ముఠాకైనా ఇరవై రోజులు, నెల రోజులు పడి ఉన్న చీటీ ఒకటో రెండో ఉంటాయి. గాలి ముఠాకు లేవు. ఏడాదిగా వాళ్ల చీటీ ఒక్కటి కూడా ఆరు రోజులు దాటలేదు. అయిదు రోజులవి ఉన్నాయి, ఆరు రోజులవి బోలెడు, ఏడు మాత్రం లేదు. అక్కడ ఎవరో కత్తి పెట్టి కోసినట్టుంది.

తిరిగి వస్తుంటే అయిదో సొరంగం దగ్గర శ్రీలత ఆపింది. సామాను సగం సర్దేసింది. పిల్లకు కట్టిన ఊయల ముందే విప్పి చుట్టిపెట్టింది. సోమవారం ఖాయమేనా అని అడిగింది. చూస్తున్నానని చెప్పాను. అది నా మొహం చూసి నవ్వడం ఆపేసింది.

నమోదు 5. శుక్రవారం

ఆరో రోజు ఏం జరుగుతుందో కళ్లారా చూశాను.

ఎనిమిదో సొరంగం పెద్ద ఫ్యాన్ దగ్గర రాజకొమురు అనే అతను పని చేస్తున్నాడు. షాఫ్టును మోసే ఇత్తడి బుష్ అరిగిపోయింది, కొత్తది వేయాలి. అతను చీటీ తీసుకుని నేటికి ఆరో రోజు. షిఫ్టు ముగిసే ముందు ఓదెలు వచ్చి అతని భుజం తట్టాడు. రాజకొమురు పానా కింద పెట్టి లేచాడు. సరోజన ఎదురొచ్చి రెండు చేతులూ చాపింది. రాజకొమురు చెంబుతో ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాత ఓదెలు పలక దగ్గరికి వెళ్లి రాజకొమురు చీటీని 'అయినవి' గడిలో పెట్టాడు. సరోజన పేరుతో కొత్త చీటీ రాసి 'చేతిలో' గడిలో పెట్టాడు. ఫ్యాన్ విప్పేసి అక్కడే ఉంది. అది కాని పని అని పలక ముందు నిలబడ్డ ఎవరికీ తెలియదు.

నేను అడ్డం పడ్డాను. కాని పనిని అయిందని ఎట్లా పెడతారు, ఇది దొంగతనం కాదా అన్నాను. నా గొంతు పెద్దదే, బజారు సగం విని ఆగింది. ఓదెలుకు కోపం రాలేదు, అదే నన్ను ఇంకా మండించింది. పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు.

"మేం అబద్ధం రాయలే బిడ్డా. రాజకొమురు చెయ్యి పని అయింది. అయిందనే పెట్టినం. ఏడో దినం గూడ అదే చెయ్యి పెడితే, పని ఆ చెయ్యినే అడుగుతది. మా తాత చెయ్యి గట్లనే పోయింది."

బాయిలో బొగ్గు తవ్విన రోజుల నుంచీ వాళ్లకు ఇదే కట్టుబాటట. మొండికేసిన పని మీద ఆరు రోజులకు మించి ఒక్క చెయ్యి ఉండకూడదు. అప్పటివరకు చేసినవాడు దిగిపోతాడు, ఇంకొకరు కొత్తగా మొదలుపెడతారు. మేం పనిని కొలుస్తున్నాం అనుకున్నాం. ఇన్నాళ్లూ పలక మీద వీళ్లు పెట్టింది చేతులను. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది.

నమోదు 6. శనివారం

మనుషుల పేర్లు పక్కన పెట్టి, యంత్రాన్ని బట్టి చీటీలను కలిపాను. ఎనిమిదో సొరంగం పెద్ద ఫ్యాన్ మీద పన్నెండు చీటీలు వరసగా ఉన్నాయి. అన్నీ అయినవే. మూడున్నర రోజుల ముఠా ఆ ఒక్క పని మీద రెండు నెలలు దాటి కూర్చుంది.

ఇంతమంది చేసినా ఎందుకు కాలేదో పోతశాలకు వెళ్తే అర్థమైంది. ఇత్తడి బుష్ పోసి, చల్లార్చి, చెక్కి ఇవ్వడానికి వాళ్లకు ఎనిమిది రోజులు పడుతుంది. బుష్ వచ్చేసరికి చెయ్యి మారి ఉంటుంది. ఒకరు తీసిన కొలతతో ఇంకొకరు పని చేయడం వీళ్లలో లేదు. కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ విప్పి, మళ్లీ కొలిచి, మళ్లీ బుష్ చేయమని చెబుతారు. అదీ ఎనిమిది రోజులకే వస్తుంది. పోతశాల మూలన ఒకదానికొకటి వెంట్రుక తేడాతో బుష్‌లు కుప్పగా పడి ఉన్నాయి. ఎందుకు తీసుకెళ్లరని అడిగితే పోతశాల ఆయన, మాకేం తెలుసు మేడం, చెప్పినవి చేస్తాం అన్నాడు.

ఓదెలును తీసుకెళ్లి ఆ కుప్ప చూపించాను. చాలాసేపు ఒక్కొక్క బుష్‌నూ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఒక్కదాని మీదనే గిన్ని చేతులు తిరిగినయా?" అన్నాడు.

ఆయన నటిస్తున్నాడా అని కళ్లలోకి చూశాను. నటించడం లేదు. ఒక్కొక్కరూ తమ ఆరు రోజులే చూశారు. మొత్తం చూసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

నమోదు 7. ఆదివారం

ఆనందరావు సారు ఇంటికి వెళ్లి సంతకం పెట్టనని చెప్పాను. ఆయన టీ ఇచ్చి మెల్లగా మొదలుపెట్టారు. ప్రతి చీటీ నిజమే అంటున్నావు, మరి లెక్క ఎట్లా అబద్ధం అవుతుందని అడిగారు. ఎనిమిదో సొరంగం స్పేర్ ఫ్యాన్ బాగానే ఉంది కదా అన్నారు. చివరికి, మీ చెల్లెలికి కూడా గది వచ్చినట్టుంది అన్నారు, తలుపు వైపు చూస్తూ. ఆయనకు ఈ కట్టుబాటు ముందే తెలుసేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. తెలిసినా తెలియకపోయినా ఆయనకు కావలసింది మూడున్నర అనే అంకె. నేను ఇవ్వలేదు. ఎనిమిది తెరవడం ఆగిపోయింది.

శ్రీలతకు నేనే వెళ్లి చెప్పాను. విప్పిన ఊయలను మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. పిల్ల ఏడుస్తోంది. దాని చొక్కా ఎత్తి వీపు చూపించింది, ఎర్రగా కమిలిపోయింది.

"ఊరందరి మీద అనుమానమే నీకు. సొంత చెల్లె బతుకు మీద గూడ పడ్డవు గదా అక్కా."

 బయటికి వచ్చి ఏడ్చాను. పెద్ద ఫ్యాన్ పాడైన సొరంగంలోకి బిడ్డను పంపడం కంటే ఉక్కలో ఉంచడం నయమని నాకు నేను చెప్పుకున్నాను. ఇక్కడ కనీసం రెండు ఫ్యాన్లున్నాయి కదా అనుకున్నాను.

నమోదు 8. సోమవారం

అలా అనుకున్నాక తోచింది. అయిదులో రెండు ఫ్యాన్లూ పనిచేస్తున్నాయని నాకు ఎవరు చెప్పారు? గాలి ముఠా చూసేది ఎనిమిది ఒక్కటే కాదు, అయిదు నుంచి ఎనిమిది దాకా. నేను భయపడ్డ చోట మాత్రమే చీటీలు కలిపాను. ఇంత అనుమానపు మనిషినని పేరు పెట్టుకుని, చెల్లెలు పడుకున్న చోటును నమ్మేశాను.

కలిపితే, అయిదో సొరంగం స్పేర్ ఫ్యాన్ మీద పద్దెనిమిది చీటీలు తేలాయి. అక్కడ కూడా బుష్ అరిగి వంద రోజులు దాటింది. అన్నీ అయినవే. స్పేర్ తిరగక మూడు నెలలు దాటింది, ఆ సంగతి తెలిసిన మనిషి పట్టణంలో ఒక్కరూ లేరు. అన్నాళ్లూ పెద్ద ఫ్యాన్ ఒక్కటే, విశ్రాంతి లేకుండా, రెండు వందల కుటుంబాలకు గాలి తోడుతోంది. అది ఆగితే అయిదులో గాలి రెండు పూటలకు సరిపోతుందేమో.

కుటుంబాలను బయటికి తెద్దామంటే ఎక్కడికి? మిగతా సొరంగాలన్నీ నిండి ఉన్నాయి. ఎనిమిదిని నేనే ఆపించాను.

నమోదు 9. మంగళవారం

ముఠా అంతా కూర్చుంది. నేను అడిగింది ఒక్కటే. ఎవరో ఒకరు కొలత తీసినప్పటి నుంచి బుష్ బిగించేదాకా అదే పని మీద ఉండాలి. కుప్పలో సరిపోయే బుష్ లేదు, కొత్తది పోతశాల రాత్రింబవళ్లు చేసినా ఎనిమిది రోజులు పడుతుంది. అంటే తొమ్మిదో రోజున కూడా అదే చెయ్యి.

 రాజకొమురు లేచి వెళ్లిపోబోయాడు. బుష్ బిగించాలంటే అంత బరువైన షాఫ్టును గొలుసుతో పైకెత్తి, దాని కింద చెయ్యి దూర్చాలి. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదని నాకూ తెలుసు. గొలుసులు జారడం ఈ బాయికి కొత్త కాదు.

ఓదెలు తానే తీసుకుంటానన్నాడు. పలక దగ్గరికి వెళ్లి పద్దెనిమిది చీటీలనూ 'అయినవి' గడి నుంచి తీసి, ఒక్క చీటీగా తన పేరు మీద 'చేతిలో' పెట్టాడు. మొదటి చెయ్యి పడిన రోజే దాని తేదీగా రాశాడు. పట్టణంలో అంత పాత చీటీ ఇంకొకటి లేదు. గాలి ముఠా సగటు ఒక్క దెబ్బకు అందరికన్నా అడుగుకు పడిపోయింది. మంచి అంకెకు బహుమానంగా వాళ్లకిచ్చే చల్లగది వంతు కూడా పోయింది. 

నమోదు 10. తర్వాతి సోమవారం

నేడు ఏడో రోజు. బుష్ ఇంకా పోతశాలలోనే ఉంది. ఓదెలు ప్రతి పూటా వెళ్లి దాని దగ్గర కూర్చుని వస్తున్నాడు. నిన్న షిఫ్టు ముగిసే వేళ సరోజన అలవాటుగా చేతులు చాపి నిలబడింది. ఆయన చెంబు అందుకోలేదు. ఆమె వట్టి చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఈ రోజు ఆయన భార్య లచ్చమ్మ ఫ్యాన్ హౌస్‌కు వచ్చింది. గడప దగ్గర కూర్చుంది, ఎవరు చెప్పినా లేవలేదు. నన్ను చూసి అడిగింది.

"ఆయన చేతికి ఏమన్నైతే, నీ పలక మీద ఏ గడిల పెడుతవ్?"

 ఆమె పక్కనే కూర్చున్నాను. లెమ్మని అనలేదు.

అయిదో సొరంగం పెద్ద ఫ్యాన్ చప్పుడు మారింది. ముందు నాకే అనిపిస్తోందనుకున్నాను. సరోజన చెయ్యి పెట్టి చూసి, మండుతోందంది. తడిపిన గోనెసంచులు చుట్టి నీళ్లు పోస్తూ నిలబడ్డారు.

నమోదు 11. బుధవారం

తొమ్మిదో రోజు. బుష్ పొద్దున్నే వచ్చింది. గొలుసుతో షాఫ్టును ఎత్తారు. ముఠాలో ఉన్నవాళ్లంతా, సెలవులో ఉన్నవాళ్లు కూడా, ఎవరూ పిలవకుండానే వచ్చి ఆ గొలుసు పట్టుకున్నారు. రాజకొమురు అందరికన్నా ముందు ఉన్నాడు. నేను దీపం పట్టుకున్నాను.

ఓదెలు చొక్కా చేయి పైకి మడిచి షాఫ్టు కిందికి చెయ్యి పెట్టాడు, మోచేతి దాకా. ఈ కట్టుబాటును నేను నమ్మను. ఆరు రోజులకూ ఏడు రోజులకూ చేతికి తేడా ఏముంటుంది, లెక్క తెలిసిన మనిషిని నేను. అయినా ఆయన వేళ్లు కనబడతాయేమోనని దీపం అటూ ఇటూ జరిపాను. ఓదెలు తల తిప్పకుండానే, వెలుతురు కదిలిస్తే నాకు కనబడదు బిడ్డా అన్నాడు. రెండో చేత్తో నా మణికట్టు నేనే పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే పక్కన పెద్ద ఫ్యాన్ ఒకసారి కీచుమని నెమ్మదించింది. నెమ్మదించి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేను పుట్టినప్పటి నుంచీ వినలేదు. కింద సొరంగంలో పిల్లలు ఏడవడం పైకి వినిపించింది. అందులో మా చెల్లెలి బిడ్డ ఏడుపు ఏదో పోల్చుకోలేకపోయాను.

ఓదెలు తొందరపడలేదు. ఇంకొంచెం దించుమన్నాడు, ఆపుమన్నాడు, మళ్లీ దించుమన్నాడు. బుష్ కూర్చున్న చప్పుడు విన్నాం. స్విచ్ వేయమని అరిచింది సరోజన అనుకుంటాను. స్పేర్ ఫ్యాన్ రెక్కలు ఒకసారి వెనక్కి ఊగి, ముందుకు తిరిగాయి. గాలి మా మొహాల మీదికి వచ్చింది, దుమ్ముతో సహా. కింద ఏడుపులు ఒక్కొక్కటే తగ్గాయి.

అందరూ రెక్కల వైపు చూస్తూ నిలబడ్డారు. లచ్చమ్మ మాత్రం గడప దాటి వచ్చి ఆయన చెయ్యి బయటికి లాగి, కొంగుతో గ్రీజు తుడవడం మొదలుపెట్టింది. నూనెలో నల్లబడి ఏ వేలు ఎక్కడుందో తెలియడం లేదు. ఆమె తుడవడం పూర్తయ్యేదాకా ఆగలేక, దీపం దగ్గరికి పెట్టి నేను లెక్కపెట్టాను. అయిదున్నాయి.